పదడుగుల రూంలో మానిటర్లు (మిక్సింగ్ స్పీకర్లు) యాడ పెట్టాల, మనం యాడ కూర్చోవాల

తిరుపతిలో ఇంట్లోనే పాటల మిక్సింగ్ (గొంతు, వాయిద్యాలు కలిపి సరిచేసేది) చేసుకునేవాళ్ళ రూములు చాలావరకు ఒకే మాదిరి ఉంటాయి. పదికి పన్నెండు బెడ్రూం, కింద టైల్సు, పైన స్లాబు, నున్నగా సిమెంటు పూసిన గోడలు, ఒక పక్క బీరువా, ఇంకో పక్క కిటికీ. ఇట్లాంటి రూంలో అన్నమయ్య కీర్తన మిక్స్ చేసినా, గంగమ్మ జాతరకి డప్పుల పాట చేసినా స్పీకర్ శబ్దం కంటే రూం శబ్దమే ఎక్కువ వింటా ఉంటాం. ఫోమ్ కొనాలా, సబ్ (బాస్ కోసం వేరే స్పీకర్) కొనాలా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ముందు స్పీకర్లనీ కుర్చీనీ జరపండి, పైసా ఖర్చు లేదు, అది చేయకుండా ఏం కొన్నా దండగే.

మొదట కుర్చీ సంగతి. స్పీకర్లు రూం పొడుగు వైపు చూడాల, అంటే పదడుగుల గోడ ముందర టేబుల్ వేసుకుని పన్నెండు అడుగుల పొడుగు మీ వీపు వైపుకి పోయేట్టు కూర్చోవాల. ఎందుకంటే పన్నెండు అడుగుల పొడుగుకి 47 హెర్ట్జ్ (సెకనుకి 47 సార్లు అదిరే లోతు శబ్దం) దగ్గర బాస్ ముందు గోడకీ వెనక గోడకీ మధ్య నిలబడిపోతాది, గోడల దగ్గర కుప్పపడతాది, సరిగ్గా నడిమధ్యలో ఏమీ వినపడదు. నడిమధ్యలో కూర్చున్నోడు కిక్కు డ్రమ్ములో బాస్ లేదని పెంచుకుంటా పోతాడు, అదే పాట కారులో పెడితే అద్దాలు అదురుతాయి. వెనక గోడకి ఆనుకుని కూర్చున్నోడికి దీనికి రివర్సు, బాస్ ఎక్కువైందని కోసేస్తాడు, పాట పేలవంగా తయారవుతాది. అందుకే రూం పొడుగులో 38 శాతం దగ్గర తల పెట్టమంటారు, పన్నెండు అడుగులకి అది ముందు గోడ నుంచి సుమారు నాలుగున్నర అడుగులు. ఇది మొదలుపెట్టేదానికి ఒక లెక్క అంతే, శాసనం కాదు, ఈడ నుంచి అర అడుగు అటూ ఇటూ జరిగి చూసుకోవాల. పక్క గోడలకి మాత్రం సరిగ్గా మధ్యలోనే కూర్చోవాల, లేదంటే ఎడమా కుడీ ఎప్పటికీ కలవవు.

రూం పదికి పది, స్లాబు కూడా పదడుగుల ఎత్తు అయితే పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే 56 హెర్ట్జ్ దగ్గర గుమిగూడతాయి, ఇంట్లో ఇంకో రూం ఖాళీగా ఉంటే దాంట్లోకి మారిపోవడమే మేలు.

ఇప్పుడు స్పీకర్లు. గోడకి దూరంగా లాగండి అని అందరూ చెప్తారు, పెద్ద స్టూడియోలో అది నిజమే, మన రూంలో మాత్రం నేను ఒప్పుకోను. బాస్ ముందుకే కాదు, స్పీకర్ వెనక్కి కూడా పోతాది, గోడకి తగిలి తిరిగొచ్చి ముందుకు పోయేదాన్ని కొట్టేస్తాది, స్పీకర్ ముందు ముఖం నుంచి గోడ ఎంత దూరం ఉందో దాన్నిబట్టి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దంలో గుంత పడతాదో తేలుతాది. మూడడుగులుంటే 94 హెర్ట్జ్ దగ్గర, రెండడుగులుంటే 140 దగ్గర. అంటే బాస్ గిటార్, డప్పు గుండె ఉండే చోటే గుంత. ఒక్క అడుగే ఉంటే గుంత 280కి ఎక్కుతాది, దాన్ని వెనక పెట్టిన నాలుగంగుళాల రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతి నూలు పలక) చాలావరకు పట్టుకోగలదు, 94 దగ్గర పడేదాన్ని పట్టుకోవడం దానివల్ల కాదు. గుంతని 40 కిందికి దించాలంటే ఏడడుగులు ముందుకు లాగాల, అంత చోటుంటే మనం ఈ మాటలు మాట్లాడుకోం కదా.

అందుకని గోడకి దగ్గరగానే పెట్టండి. వెనక పోర్టు (గాలి పోయే బొక్క) ఉన్నవాటికి బెత్తెడు సందు వదలండి చాలు, రాక్‌వూల్ పెడితే స్పీకర్ ఇంకో నాలుగంగుళాలు ముందుకొస్తాది, పర్లేదు. గోడ దగ్గర పెట్టినందుకు బాస్ పెరుగుతాది, దాన్ని వెనకాల ఉండే స్విచ్చితో తగ్గించుకోవచ్చు, యమహా హెచ్ఎస్5 లో అయితే రూం కంట్రోల్ అని 500 హెర్ట్జ్ కింద 2 లేదా 4 డీబీ (శబ్దం కొలత) తగ్గించేది ఉంది. పెరిగినదాన్ని తగ్గించుకోవచ్చు గానీ గుంత పడినదాన్ని ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచేది, తగ్గించేది) పూడ్చలేం, ఎంత పెంచితే అంతా గోడ నుంచి వచ్చి కొట్టేస్తాది.

మూలకి మాత్రం పెట్టొద్దు. ఇంట్లో పెద్దోళ్ళు ఈశాన్యంలో బరువు వద్దంటారు, ఆ ఒక్క మూలే కాదు నాలుగు మూలలూ వద్దు, వాస్తుతో గొడవే రాదు.

కొలిచేదానికి పురికొస చాలు. పైన చెప్పిన లెక్కకి స్పీకర్ ముఖం గోడకి ఒక అడుగు దూరం, తల నాలుగున్నర దగ్గర అంటే ట్వీటర్‌కీ (స్పీకర్లో సన్న శబ్దం ఇచ్చే చిన్న భాగం) ట్వీటర్‌కీ మధ్య నాలుగడుగులు వస్తాది, ఒక్కో ట్వీటర్ నుంచి మీ తలకి కూడా అదే నాలుగడుగులు రావాల. పక్క గోడలకి చెరో మూడడుగులు మిగులుతాది. స్పీకర్లని లోపలికి తిప్పి ముఖాలు మీ చెవుల వైపు చూసేట్టు పెట్టండి. ట్వీటర్ ఎత్తు మీరు రోజూ కూర్చునే కుర్చీలో మీ చెవి ఎంత ఎత్తులో ఉందో అంత, ఎవరితోనైనా టేపు పట్టించుకుని కొలవండి. చోటు లేదని స్పీకర్‌ని పడుకోబెట్టొద్దు, తల కొంచెం కదిలినా వూఫర్ (బాస్ ఇచ్చే పెద్ద భాగం), ట్వీటర్ కలిసే దగ్గర శబ్దం మారిపోతాది, అడ్డంగా పెట్టేదానికే చేసిన మోడల్ అయితే అది వేరే సంగతి.

టేబుల్ మీద నేరుగా పెడితే టేబులే మోగుతాది. వెల్డింగ్ షాపులో ఇనుప పైపుతో స్టాండ్లు చేయించి పైపులో ఇసుక పోసి టేబుల్ వెనకాల నిలబెట్టుకుంటే కంపెనీ స్టాండ్లకి ఏం తీసిపోవు. అది కుదరకపోతే కనీసం కింద మందపాటి రబ్బరు పెట్టండి.

స్పీకర్ శబ్దం పక్క గోడల మీద యాడ తగులుతుందో చూసేదానికి అద్దం కావాల. మీరు కుర్చీలో కూర్చోండి, తమ్ముడినో ఎవరినో గోడెంబడి అద్దం జరపమనండి, అద్దంలో ట్వీటర్ కనపడిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, అక్కడ రాక్‌వూల్ ప్యానల్ రావాల. ఓనరమ్మ గోడకి మేకు కొట్టనీదు కాబట్టి చెక్క ఫ్రేముకి కాళ్ళు పెట్టించి నిలబెట్టండి. కోడిగుడ్ల ట్రేలు అతికించొద్దు సామీ, అవి తాళం చప్పుడు కొంచెం తగ్గిస్తాయి, బాస్‌ని ముట్టుకోలేవు. బీరువాని వీలైతే మీ వీపు వెనక్కి జరపండి, ముందు భాగంలో ఎడమా కుడీ ఒకేలా ఉండాల.

తర్వాత చెక్ చేసుకోవడం. ఫ్యాను, ఏసీ కాసేపు ఆపేయండి, మే నెలలో కష్టమే గానీ పొద్దున్నే చేసుకోవచ్చు. మోనోలో (రెండు స్పీకర్లలో ఒకే శబ్దం) గొంతు ఒక్కటే పెడితే రెండు స్పీకర్ల నడిమధ్య మనిషి నిలబడి పాడినట్టు రావాల, ఒక పక్కకి లాగుతుంటే మళ్ళీ కొలవండి. ఆ తర్వాత 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా ఒక్కో టోన్ తక్కువ వాల్యూంలో వినుకుంటా పోండి, ఏది మాయమవుతుందో ఏది గుయ్యిమంటుందో రాసుకుని కుర్చీని రెండేసి అంగుళాలు జరిపి మళ్ళీ వినండి. మెజర్‌మెంట్ మైకు ఎవరి దగ్గరన్నా దొరికితే రూం ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే వస్తాది, గ్రాఫ్‌లో కనపడిపోతాది.

ఇష్టమైన చోటు దొరికాక కుర్చీ చక్రాల కిందా, స్టాండ్ల చుట్టూ టైల్సు మీద రంగు టేపు అతికించేయండి, ఇల్లు తుడిచేటప్పుడు ఎవరో ఒకరు జరపకుండా ఉండరు.