గర్భిణికి డెంగీ వస్తే ఏం చేయాలి? పుట్టిన బిడ్డను ఎన్నాళ్లు కనిపెట్టుకోవాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు మొదలైనప్పటి నుంచి నవంబరు దాకా, కడుపుతో ఉన్న మనిషికి ఒళ్లు వెచ్చబడితే మందు కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. జ్వరం ఏ తేదీన, ఏ పూట మొదలైందో తల్లీబిడ్డల కార్డు మీద రాసి పెట్టాలి. ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, ఏ రోజుల్లో ప్రమాదం ముంచుకొస్తుంది, బిడ్డకు సోకే వీలుందా అన్నవన్నీ ఆ తేదీ నుంచే లెక్క. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయైతే ఆ కార్డును, పాత రక్తపరీక్షల కాగితాలను అత్తవారింటి నుంచి వెంటనే తెప్పించుకోవాలి. ఎందుకో కింద చెబుతాం.

1. రక్తపరీక్ష

మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్‌-1 (రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష), ఐదో రోజు దాటితే ఐజీఎం (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు మొదట తయారుచేసే యాంటీబాడీల పరీక్ష). ఇదే పొరపాటు తరచూ జరుగుతుంది: రెండో రోజున ఐజీఎం ఒక్కటే చేయించి, రాలేదు కాబట్టి డెంగీ కాదనుకుంటారు. అప్పటికి ఒంట్లో ఆ యాంటీబాడీలు తయారే కావు. కిట్టు పరీక్షలో లేదని వచ్చినా జ్వరం లక్షణాలు డెంగీలానే ఉంటే ల్యాబులో చేసే ఎలైజా పరీక్ష చేయించాలి. మన్యం వైపు వెళ్లొచ్చినవాళ్లకు మలేరియా పరీక్ష తప్పనిసరి.

వీటితో పాటు రక్తకణాల లెక్క కావాలి. అందరూ ప్లేట్‌లెట్లనే చూస్తారు. గర్భిణికి పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, అంతకంటే ముఖ్యం. నెలలు నిండేకొద్దీ రక్తం సహజంగానే పలచబడుతుంది, పీసీవీ 32 ఉండటం మామూలే. అది 38, 39కి పెరిగితే కాగితం మీద బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ 20 శాతం పెరిగిందంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోందని అర్థం. జ్వరానికి ముందు ఎంత ఉండేదో తెలిస్తేనే డాక్టరు ఈ తేడాను పసిగట్టగలరు. పాత కాగితాలు అడిగింది ఇందుకే.

2. ఆసుపత్రిలో చేర్చడం

మామూలు మనిషికి డెంగీ తేలిగ్గా ఉంటే ఇంట్లోనే ఉంచి చూసుకోవచ్చు. గర్భిణికి అలా కుదరదు. ప్రమాద సూచనలు లేకపోయినా ఆసుపత్రిలో ఉంచి చూడాల్సిన వర్గంలోనే ఆమెను లెక్కిస్తారు. విజయనగరంలో ఘోషా ఆసుపత్రి, శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉన్నాయి. ఆశ కార్యకర్తకు చెప్పి 108 పిలిపించుకోండి.

జ్వరానికి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర, ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకు నాలుగు మించకుండా. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దే వద్దు. ఇవి కడుపులో రక్తస్రావం తెస్తాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బుతో ఇన్నేళ్లుగా నలుగుతున్న ఉద్దానం పల్లెల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. బీపీ రాకుండా చిన్న మోతాదు ఆస్పిరిన్ ముందునుంచే వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి. ఊళ్లో నడుముకు 'నొప్పి సూది' వేయించుకోవద్దు. ప్లేట్‌లెట్లు తగ్గిన ఒంట్లో కండకు సూది పడితే లోపల రక్తం కారి గడ్డలా పేరుకుంటుంది. బొప్పాయి ఆకు రసం కూడా వద్దు. గర్భంలో అది క్షేమమని తేలలేదు, పైగా వాంతులు పట్టుకుంటే ఒంట్లో నీరు ఇంకా తగ్గిపోతుంది.

లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపి, కొబ్బరినీళ్లు, గంజి, పలచటి చోడి అంబలి మార్చిమార్చి కొద్దికొద్దిగా తాగించాలి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారైనా మూత్రం రావాలి.

3. జ్వరం తగ్గిన రోజు జాగ్రత్త

మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని డిశ్చార్జి అడిగేది అప్పుడే. నీరు కారిపోయేదీ ఆ 24 నుంచి 48 గంటల్లోనే. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ కింద నుంచి గానీ రక్తం, చల్లబడిన చేతులు, మగత, బిడ్డ కదలిక తగ్గడం వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా నర్సును పిలవాలి. కడుపునొప్పిని పురిటినొప్పి అనుకుని ఊరుకోవద్దు.

4. కాన్పు

డెంగీ వల్ల నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, కాన్పయ్యాక రక్తస్రావం ఎక్కువ కావచ్చు. వీలైతే ఈ ప్రమాదపు రోజులు దాటేదాకా నొప్పులు తెప్పించడం, ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించడం పెట్టుకోకూడదు. నొప్పులు వాటంతటవే వస్తే రక్తనిధి, నవజాత శిశు విభాగం రెండూ ఉన్నచోటే కాన్పు జరగాలి. ఆపరేషన్ తప్పకపోతే ప్లేట్‌లెట్లు 50 వేలకు పైన ఉండేలా చూస్తారు. కాన్పు అవసరం లేనప్పుడు, రక్తస్రావమూ లేనప్పుడు, అంకె తగ్గిందని మాత్రమే ప్లేట్‌లెట్లు ఎక్కించమని ఒత్తిడి చేయకండి.

5. పుట్టిన బిడ్డ

తల్లికి జ్వరం వచ్చింది కాన్పుకు దగ్గర్లో అయితే బిడ్డకు సోకే అవకాశం ఎక్కువ. తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై బిడ్డకు చేరేలోపే వైరస్ చేరుతుంది. పుట్టినప్పుడు బాగానే ఉన్న పాపకు పదకొండో రోజున కూడా జ్వరం రావచ్చు, అందుకే రెండు వారాలు కనిపెట్టుకోవాలి. రోజుకు రెండుసార్లు చంకలో థర్మామీటరు పెట్టి చూడండి. 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఒళ్లు చల్లబడినా, పాలు పట్టకపోయినా, పొట్ట ఉబ్బినా, ఎర్రటి చుక్కలు కనిపించినా, బొడ్డు నుంచి రక్తం వచ్చినా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. మొదటి రెండు మూడు రోజులు నల్లగా విరేచనం కావడం సహజమే, దానికి భయపడొద్దు. ఇంట్లో ఏ జ్వరం మందూ పోయొద్దు.

డాక్టరుకు తల్లి జ్వరం తేదీ చెప్పండి. చెప్పకపోతే ఇదంతా మామూలు ఇన్‌ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది. పరీక్షలో ఐజీజీ (తల్లి నుంచి బిడ్డకు చేరగల రకం యాంటీబాడీలు) ఒక్కటే ఉంటే అది తల్లి నుంచి వచ్చినదై ఉండొచ్చు. బిడ్డకు ఎన్‌ఎస్‌-1 గానీ ఐజీఎం గానీ కనిపిస్తేనే జబ్బు సోకినట్టు లెక్క.

చనుబాలు ఆపకండి. జ్వరం తల్లైనా పాలివ్వవచ్చు, ముర్రుపాలతో సహా. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పురిటి గదిలో దోమతెర మధ్యాహ్నం కూడా దించే ఉంచాలి. ఇంటి చుట్టూ గోలేలు, పూలకుండీల పళ్లేలు, కొబ్బరిచిప్పలు వారానికోసారి బోర్లించి ఆరబెట్టాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు.

తల్లి కార్డు మాత్రం బిడ్డకు ఏడాది నిండేదాకా దాచండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గిపోయే నెలల్లో, అంటే నాలుగో నెల నుంచి ఏడాది లోపు, పాపకు తొలిసారి డెంగీ సోకినా అది తీవ్రంగా మారవచ్చు. అప్పుడు కూడా డాక్టరు అడిగేది తల్లికి డెంగీ ఎప్పుడు వచ్చిందనే.