మట్టిదారి బండి, 4వ పాఠం: తెగిన వాల్వుల సంగతి

ఈ పాఠంలో షాకబ్జర్లు సెట్ చేసుకోవడం చెబుతానన్నాను. చివర్లో ఓ ముక్క చెబుతాను, అంతకు మించి కుదరదు. పోయిన పాఠంలో "పుంతలోకి, అంటే చేల మధ్య మట్టిదారిలోకి, దిగే ముందు టైర్లలో గాలి తగ్గించండి" అని ఒక్క వాక్యం రాసేసి చక్కా పోయాను కదా, దాని పుణ్యమా అని ఈ పదిహేను రోజుల్లో నాకొచ్చిన ఫోటోలన్నీ ఒకే రకం. గ్రీజు అంటిన అరచేయి, అందులో ట్యూబు నుంచి ఊడొచ్చిన వాల్వు. తప్పు నాదే. ఎంతకి తగ్గించాలో, తగ్గిస్తే ఇంకేం చూసుకోవాలో చెప్పలేదు, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

ముమ్మిడివరం వైపు తమ్ముడొకడు ఎక్స్‌పల్స్ బండి వెనక టైరు గాలిని 12 పీఎస్‌ఐకి (గాలి గేజీ చూపించే అంకె అది) దించేసి, ఎండాకాలం కాలువలు కట్టేశారు కదా అని ఎండిన కాలువ అడుగున ఇసుకలోకి దిగాడు. దిగబడింది. రెండో గేరులో గట్టిగా పీకాడు, బండి బయటికొచ్చింది, వాల్వు మాత్రం తెగిపోయింది. మూడు కిలోమీటర్లు నెట్టుకుంటూ వెళ్ళాడట. ఇక్కడ పొరపాటు అర్థమవుతూనే ఉంది, 12 మరీ తక్కువ. కానీ కొత్తపేట నుంచి ఒకాయన హిమాలయన్ 411 బండికి నేను పెట్టుకునే 18 పెట్టారు, లంక దారిలో నెమ్మదిగానే వెళ్ళారు, అయినా తెగింది. ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తే అసలు దొంగ దొరికాడు. వాల్వు మెడకున్న చిన్న నట్టు మీద కటింగ్ ప్లేయరు పళ్ళ గాట్లు!

ఇంకొకరు తణుకు నుంచి. ఆయన వాల్వు బాగానే ఉంది, ట్యూబుకే పక్కపక్కన రెండు సన్నటి చీలికలు. "మేకు రెండుసార్లు గుచ్చుకుందా సార్?" అని అడిగారు. మేకు కాదండి. గాలి తక్కువగా ఉన్న టైరుతో తూము అంచునో, సిమెంటు రోడ్డు మొదలయ్యే చోట లేచి ఉన్న అంచునో వేగంగా గుద్దితే టైరు అణిగిపోయి, ట్యూబు అటు రాయికీ ఇటు రిమ్ముకీ మధ్య నలుగుతుంది. రిమ్ముకి రెండు అంచులుంటాయి కాబట్టి చీలికలు కూడా రెండు. పాముకాటులా ఉంటుంది, పేరు కూడా అదే. ట్యూబు బయటికి తీయగానే పారేయకుండా ఒకసారి తిప్పి చూడండి, ఏం జరిగిందో అదే చెబుతుంది. జంట చీలికలుంటే గాలి తక్కువ, వేగం ఎక్కువ. వాల్వు మొదలు దగ్గర చిరిగి ఉంటే టైరు రిమ్ము మీద జారింది. లోపలి వైపు, అంటే రిమ్ముకి ఆనుకునే వైపు, నెలవంకలా ఒక్క కాటు ఉంటే టైరు ఎక్కించేటప్పుడు లివరుతో, అంటే టైరును రిమ్ము మీదికి ఎక్కించే ఇనప బద్దతో, పొడిచిన ఘనత మీదో మీ పంచరు షాపు అబ్బాయిదో. ముళ్ళు, రొయ్యల చెరువు గట్ల మీద పడుండే తీగ ముక్కలు చేసే బెజ్జం సంగతి చెప్పక్కర్లేదు, అది టైరు వైపే ఉంటుంది.

ఇప్పుడు ఆ నట్టు సంగతి. దీని మీద నాకు కాస్త కోపం ఉంది, ఓర్చుకోండి.

టైరును రిమ్ముకి పట్టి ఉంచేది మేకులూ కాదు, జిగురూ కాదు. లోపలి గాలి టైరు బీడును, అంటే టైరుకుండే గట్టి అంచును, రిమ్ము అంచుకేసి నొక్కుతుంది, ఆ పట్టే పట్టు. గాలి తగ్గించామంటే ఆ పట్టునే తగ్గించాం. పట్టు తగ్గిన టైరుతో మీరు వెనక చక్రాన్ని గట్టిగా తిప్పితే రిమ్ము ముందుకు పోతుంది, మట్టిని కరుచుకున్న టైరు ఓ వెంట్రుకవాసి వెనకబడుతుంది. ముందు చక్రానికైతే బ్రేకు పట్టినప్పుడు ఇదే కథ తిరగబడి జరుగుతుంది. ఒక్కసారికి ఏం కాదు. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండొందల సార్లు అలా జరిగితే టైరు రిమ్ము మీద రెండు అంగుళాలు నడిచేస్తుంది, దాన్ని అంటుకుని ట్యూబూ నడుస్తుంది. నడవలేనిది వాల్వు ఒక్కటే. పాపం అది రిమ్ము బెజ్జంలో ఇరుక్కుని ఉంది కదా.

నట్టు వదులుగా ఉంటే వాల్వు మెల్లగా పక్కకు వాలుతుంది. నిటారుగా ఉండాల్సింది గాలికి వాలిన కొబ్బరి చెట్టులా కనబడుతుంది. మీరు టీ తాగడానికి ఆగినప్పుడు కంట పడుతుంది, సరిచేసుకుంటారు. అదే నట్టును రిమ్ముకేసి ప్లేయరుతో బిగించేశారనుకోండి, వాల్వు వాలడానికి వీల్లేదు, గుంజలా నిలబడే ఉంటుంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం వాల్వు మొదలు దగ్గర రబ్బరు సాగి సాగి, ఒక చోట టప్‌మంటుంది. మొదలు దగ్గర చిరిగిన దానికి ప్యాచి కూడా నిలవదు, కొత్త ట్యూబే.

మరి ఆ నట్టు ఎందుకిచ్చారంటారా? ఖాళీ ట్యూబులో గాలి కొట్టేటప్పుడు వాల్వు లోపలికి పోకుండా పట్టుకోవడానికి. ఆ పని అయిపోగానే దాన్ని వెనక్కి తిప్పి, వాల్వు మూతకి ఆనించి, ఆ రెండిటినీ ఒకదానికొకటి బిగించాలి. రిమ్ముకి కాదు, మూతకి. మూత ఊడిపోకుండా అదే తాళంలా పనిచేస్తుంది. షాపు అబ్బాయి "సార్, నట్టు లూజుగా ఉంది" అని ప్రేమగా బిగించబోతాడు. చెయ్యి పట్టుకుని ఆపండి. నేను ఆపలేదు ఒకసారి. రాజోలులో పంచరు వేయించుకుని, ఆయన బిగిస్తుంటే ఫోనులో మాట్లాడుకుంటూ నిలబడ్డాను. అంతర్వేది వైపు ఇసుక దారుల్లో తిరిగి వెనక్కొస్తుంటే, సఖినేటిపల్లి రేవుకి ఇంకా కిలోమీటరున్నర ఉందనగా వెనక చక్రం కూర్చుంది. నెట్టుకుంటూ రేవుకి చేరేసరికి పంటు (బండ్లను నది దాటించే పడవ) వశిష్ఠ గోదావరి మధ్యలో ఉంది, నరసాపురం వైపు పోతూ. దగ్గర స్పేరు ట్యూబు ఉంది. లివర్లు ఇంట్లో ఉన్నాయి.

ఇంకొక చిన్న పని, పావలా ఖర్చు లేదు. ఇంట్లో తెల్ల పెయింటు ఉంటే వాల్వుకి ఎదురుగా టైరు మీదా రిమ్ము మీదా కలిసేలా ఒక అడ్డగీత గీయండి, రెండు చక్రాలకీ. సాయంత్రం చూసినప్పుడు టైరు మీది ముక్క, రిమ్ము మీది ముక్క విడిపోయి ఉంటే టైరు ఎంత నడిచిందో కళ్ళ ముందే ఉంటుంది. వేలెడు నడిస్తే గాలి మొత్తం తీసేసి, బీడు రెండు వైపులా వదులు చేసి, సబ్బు నీళ్ళు పోసి, టైరును చేత్తో తిప్పి గీతలు మళ్ళీ కలపాలి. రిమ్ము లాక్ అని ఒకటుంది, బీడును లోపలి నుంచి రిమ్ముకేసి నొక్కి పట్టే బిళ్ళ. అది వేయించుకుంటే 12, 13కి కూడా దించుకోవచ్చు. కానీ రిమ్ముకి ఇంకో బెజ్జం వేయాలి, ఆ బరువుకి హైవే మీద చక్రం అదురుతుంది, ఎదురుగా సీసం బిళ్ళలు అంటించాలి. మన డెల్టాలో తిరగడానికి నాకైతే అక్కర్లేదనిపించింది.

అంకెలు అడుగుతున్నారు కాబట్టి నావి చెబుతాను. నా బరువు 74 కిలోలు, బండి ఎక్స్‌పల్స్, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, స్పోకులు, ట్యూబు టైర్లు. తారు రోడ్డు మీద కంపెనీ పుస్తకంలో ఉన్నదే. పుంతలు, కాలువ గట్లు అయితే ముందు 20 పీఎస్‌ఐ, వెనక 22. మెత్తటి ఇసుక అయితే రెండూ 18. రిమ్ము లాక్ లేకుండా 18 కిందకి దించను, మీరూ దించకండి. దించినప్పుడు 40 వేగం దాటకండి, వెనక మనిషిని ఎక్కించుకోకండి, తిరిగి 216 హైవే ఎక్కే ముందు గాలి కొట్టుకోండి. నేను సైకిలు పంపు లాంటి చేతి పంపే వాడతాను. బ్యాటరీది బాగానే ఉంటుంది, కానీ అవసరమైన రోజే చార్జింగ్ ఉండదు.

గాలి చూసేది పొద్దున్నే, బండి కదలక ముందు. పది డిగ్రీల వేడికి ఒక పీఎస్‌ఐ పైగా పెరుగుతుంది, అందుకని మధ్యాహ్నం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు నడిపి 18కి దించితే చల్లారాక 15 ఉంటుంది, తర్వాత నన్ను తిడతారు. గేజీ సొంతంగా ఒకటి కొనుక్కోండి. నేను గాలి కొట్టించుకునే బంకులో గేజీకీ నా గేజీకీ నాలుగు పీఎస్‌ఐ తేడా వచ్చింది. ఏది కరెక్టో తేల్చుకోవడం ఎందుకు, ఎప్పుడూ ఒకే గేజీతో చూసుకుంటే చాలు.

అసలు గాలి ఎందుకు తగ్గించాలని పాలకొల్లు ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన గట్ల మట్టి రాళ్ళ మట్టి కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైన దగ్గర్నుంచీ, వాటి అడుగున పేరుకున్న ఒండ్రును తోడినప్పుడల్లా పక్కనే పోస్తూ వచ్చారు. ఎండితే పిండి, తడిస్తే జిగురు. పిండిలో టైరు వెడల్పుగా పరుచుకుంటే తేలుతుంది, అందుకని గాలి తగ్గించాలి. జిగురులో మాత్రం గాలి తగ్గించినా లాభం లేదు, అక్కడ చిక్కు టైరుతో కాదు మడ్‌గార్డుతో. ముందు చక్రానికి ఆనుకుని ఉండే కింది మడ్‌గార్డు అయితే వంద గజాల్లో బంకమన్ను నిండిపోయి చక్రం ఆగిపోతుంది. ఎత్తు మడ్‌గార్డు లేని బండితో జూన్‌లో నీళ్ళు వదిలాక గట్టెక్కకండి. క్రాష్ గార్డులు, లైట్లు, డబ్బాలు తర్వాత కొనుక్కోవచ్చు, నన్నడిగితే అసలు కొనక్కర్లేదు కూడా. పడ్డ బండిని బురదలోంచి ఎత్తేది మీరొక్కరే కదా.

ట్యూబు ఎక్కించడం గురించి రెండు మాటలే. మిగతాది చేస్తే వస్తుంది. ట్యూబును ఒట్టిగా పెట్టకండి, గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి పెట్టండి, అప్పుడు లివరు కింద పడదు. టైరును వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. ఆఖరి జానెడు ఎక్కక చావగొడుతుంది, అప్పుడు అందరూ ఇంకో లివరు వేసి బలం చూపిస్తారు. బలం కాదు. ఎదురు వైపు బీడు మీద మోకాలు పెట్టి తొక్కండి, అది రిమ్ము మధ్యనున్న పల్లంలోకి దిగాలి. దిగితే ఈ వైపు వదులు దొరికి బొటనవేళ్ళతోనే ఎక్కేస్తుంది. స్పేరుగా ఒక్కటే మోసుకెళ్ళాలంటే 21 ట్యూబు పెట్టుకోండి, ముడతలు సర్ది కూరితే 18లో ఇల్లు చేరేదాకా పనిచేస్తుంది. 18 ట్యూబును 21కి సాగదీస్తే పలచబడుతుంది, నమ్మలేం.

ఇక షాకబ్జరు ముక్క. బండిని వెనక చక్రం గాల్లో ఉండేలా ఎత్తి, యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిటారుగా పైన సీటు కింద ఏదో ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత బూట్లు, హెల్మెట్టు, నీళ్ళ బ్యాగు అన్నీ వేసుకుని బండెక్కి ఫుట్‌రెస్టుల మీద బరువు పెట్టి కూర్చోండి, ఇంకొకరు అదే కొలత తీయాలి. రెండింటి తేడా మీ వెనక చక్రం మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర ఉండాలి. నా ఎక్స్‌పల్స్‌కి వెనక 170 మిల్లీమీటర్లు కాబట్టి 55 చుట్టుపక్కల. ఎంత వచ్చిందో రాసుకుని ఉంచండి, ఏం తిప్పకండి. దాన్నేం చేయాలో వచ్చే పాఠం.

అభ్యాసం. తెల్ల గీతలు ఇవాళే గీయాలి, నట్టు వెనక్కి తిప్పడం ఈ పాఠం మూసేలోపే చేయాలి. ఆ తర్వాత అసలుది. వచ్చే పాఠం లోపు వెనక చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్ళీ వేసి, గాలి కొట్టడం మూడుసార్లు చేయండి. మొదటిసారి అరుగు మీద, నీడలో, ఎంతసేపైనా ఫర్వాలేదు. రెండోసారి బండిలో మోసుకెళ్ళే సామాను తప్ప ఇంట్లోది ఏదీ ముట్టుకోకుండా. వెనక యాక్సిల్ నట్టుకి పట్టే స్పానరు మీ సంచిలో లేదన్న సంగతి అప్పుడే తెలుస్తుంది. ఎక్స్‌పల్స్‌కి సెంటరు స్టాండు ఉండదు కాబట్టి సైడు స్టాండు మీద వాల్చి, రెండో వైపు ఫ్రేము కింద కొబ్బరి మొద్దు ముక్కో గట్టి కర్రో ఆనించి చక్రం లేపుకోండి. ముందు బ్రేకు లివరుకి రబ్బరు బ్యాండు కట్టడం మరిచిపోతే బండి మీ మీదకే దొర్లుతుంది. మూడోసారి నిజంగానే గట్టు మీద, సాయంత్రం ఆరున్నరకి, దోమల్లో, తలకి కట్టుకున్న లైటుతో. నాకు మొదట్లో గంటన్నర పట్టింది, ఇప్పుడు ముప్పై అయిదు నిమిషాలు. అయ్యాక ట్యూబును పారేసే ముందు, పొడిచి ఉంటే, ఏ వైపు పొడిచారో చూసి ఫోటో పంపండి. ఈసారి ఫోటోలో నట్టు కూడా కనబడాలి.