షాబాదు బండల మీద కోడింగ్

హన్మకొండలో మా వరండాకు షాబాదు బండలు పరిచి ఉన్నాయి. ఈ వేసవిలో మనవడికి, మనవరాలికి కోడింగ్ నేర్పింది వాటి మీదే, ఫోన్ ముట్టకుండా. వాడికి ఆరేళ్లు, దానికి ఎనిమిది.

బండలు లేకపోతే సుద్దముక్కతో నిలువు అయిదు, అడ్డం అయిదు గళ్లు గీయండి. ఒక మూల మిషన్, అంటే చీటీలో ఉన్నట్టే నడిచే మనిషి, నిలబడుతుంది; అది చేరాల్సిన ఎదురు మూల మామిడిపండు. మధ్యలో రెండు గళ్లలో చెప్పులు పెడితే అవే అడ్డాలు. పాత పెళ్లిపత్రికలు కత్తిరించి వెనకవైపు మూడు రకాల చీటీలు రాసుకోండి: ఒక గడి ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. చీటీలన్నీ ముందే వరసగా పేర్చాలి, ఆ తర్వాతే మిషన్ కదలాలి. ప్రోగ్రామ్ అంటే అదే.

మొదట మిషన్ మీరే కండి. మొండిగా ఉండాలి. మావాడు నాకు ఎదురుగా నిలబడి, తన కుడిచెయ్యి చూసుకుని చీటీ పెట్టాడు. నేను నా కుడికి తిరిగి, నేరుగా పోయి నీళ్ల బకెట్‌ను తన్నాను. "అటు కాదు తాతా, ఇటు!" అని చెయ్యి పట్టి లాగాడు. మొదటిరోజు వాడి మొహం చూసి జాలిపడి ఇటే నడిచాను. ఆ రోజు వాడు నేర్చుకున్నది సున్నా. రాయనిది చేయకండి.

తప్పు రాగానే పిల్లలు చీటీలన్నీ కలిపేస్తారు. ఆపండి. మొదటి చీటీ నుంచి ఒక్కోదాని మీద గవ్వ జరుపుతూ నడిపించి, దారి తప్పిన చీటీ ఒక్కటే మార్పించండి. ఇలాంటి తప్పును బగ్ అంటారు. మాట అంతకుముందే ఉన్నా, 1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్లో నిజంగానే రెక్కల పురుగు దొరికితే లాగ్‌బుక్‌లో అతికించారని చెప్పాను. "చచ్చిందా?" అన్నది మనవరాలు. ఆ రోజు ఆట అక్కడికే ఆగింది.

'ముందుకు' నాలుగుసార్లు వస్తే ఒకే చీటీ మీద 4 వేయించండి, లూప్ అదే. మనవరాలికి లూప్ ఇంకా బాగా ఎక్కింది బతుకమ్మతో: గునుగు వరస, తంగేడు వరస, మళ్లీ గునుగు, కొస వచ్చేదాకా. ఆ 'వచ్చేదాకా' రాయకపోతే మిషన్ ఆగనే ఆగదు. షరతులకు అష్టాచెమ్మా చాలు: నాలుగో ఎనిమిదో పడితే మళ్లీ వేయి, లేకపోతే గవ్వలు పక్కవాళ్లకియ్యి.

ఆట అరగంట దాటనియ్యకండి. మామిడిపండు మాత్రం చివరిదాకా దాచండి, మావాడు రెండోరోజు మధ్యలోనే తినేశాడు.