అంకెల్లో మన దేశం – 4వ పాఠం: రెండు సంఖ్యలు పక్కపక్కన

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందా? 2011 జనగణన నుంచి బీహార్, కేరళల జనసాంద్రత రాసుకుని, ఆ అంకెలను బట్టి ఏది పేద రాష్ట్రమో చెప్పమన్నాను. బీహార్‌లో చదరపు కిలోమీటరుకు 1,106 మంది. కేరళలో 860. దేశం సగటు 382 కాబట్టి రెండూ కిక్కిరిసిన రాష్ట్రాలే. అయినా బీహార్ బతుకులకూ కేరళ బతుకులకూ పోలికే లేదు. మనం ఉంటున్న బెంగళూరు అర్బన్ జిల్లా సంగతి చూస్తే 4,381. జనం ఎక్కువైతే పేదరికం అని రాసినవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి ఇరుక్కుపోయి ఉంటారు. కావాలనే అలా అడిగాను. ఒక్క సంఖ్యతో తేలే ప్రశ్న కాదది. ఏ సంఖ్య పక్కన ఏ సంఖ్య పెట్టాలో తెలుసుకోవడమే ఈ వారం నేర్చుకోబోయే పని.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వద్దు, మొదటిసారి చేత్తోనే చేయండి.

2023-24 కేంద్ర కార్మిక సర్వే ప్రకారం మన దేశంలో పని చేసేవాళ్లలో సుమారు 46 శాతం మంది సేద్యం, పాడి, చేపల పెంపకం లాంటి పనుల్లో ఉన్నారు. దేశం ఏడాదిలో సృష్టించే విలువలో ఆ పనుల వాటా సుమారు 18 శాతం. ఈ రెండు అంకెలూ విడివిడిగా అందరికీ తెలిసినవే, పోటీ పరీక్షల పుస్తకాల్లో వేర్వేరు పేజీల్లో ఉంటాయి. మనం వాటిని ఒకే పేజీలోకి తెద్దాం.

దేశంలో పనిచేసేవాళ్లు నూరు మందే అనుకోండి. వాళ్లంతా కలిసి సంపాదించింది నూరు రూపాయలు. అందులో 46 మంది రైతులు, రైతు కూలీలు. వాళ్ల చేతికి వచ్చింది 18 రూపాయలు. 18ని 46తో భాగిస్తే మనిషికి 39 పైసలు. మిగిలిన 54 మందికి 82 రూపాయలు, అంటే మనిషికి రూపాయి 52 పైసలు. ఇప్పుడు రెండో దాన్ని మొదటిదానితో భాగించండి. దాదాపు నాలుగు రెట్లు.

ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు పెన్ను పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా తాత ఎందుకు అప్పుల్లో పోయాడో, మా నాన్న ఊరెందుకు విడిచాడో ఆ భాగహారంలో కనిపించింది.

కానీ తొందరపడి అడ్డగోలుగా వాడొద్దు. ఆ 82 రూపాయలు జీతాలు కావు, అందులో యజమానుల లాభాలూ ఉన్నాయి. భవన నిర్మాణ కూలీకి రూపాయి 52 పైసలు ముడుతోందని ఈ లెక్క చెప్పదు. అలాగే ఆ 46 మందిలో కూలి డబ్బులు లేకుండా సొంత చేలో పనిచేసే ఆడవాళ్లు చాలామంది. ఇంకో చిక్కు కూడా ఉంది, అది అంకెలకంటే మనిషిని చూస్తేనే బాగా అర్థమవుతుంది.

నేను కేఆర్ పురం దగ్గర ఉంటాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది కదిరి పక్క పల్లె. నాలుగెకరాల మెట్ట, శెనక్కాయ పంట. ఆ ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. గేటు పక్కన ఆయన గదిలో ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది. మే నెల చివరి నుంచి అందులో కొన్ని తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉంటాయి. బెంగళూరులో వాన పడిన రోజులేమో అనుకున్నాను మొదట. కాదు, ఊళ్లో పడిన రోజులు. తమ్ముడు ఫోన్ చేసి చెబితే ఇక్కడ చుట్టుకుంటాడు. "ఏమన్నా, ఈసారి ఎప్పుడు పోతావు ఊరికి?" అని అడిగితే, "పదునైతే పోవాల సార్. ఇత్తనం పడాల గదా" అన్నాడు.

ఈయన్ని 46లో వేయాలా, 54లో వేయాలా? సర్వేలో ఏడాదిలో ఎక్కువ కాలం చేసిన పనిని ముఖ్య వృత్తిగా రాసుకుంటారు, మిగతాది అనుబంధ వృత్తి కిందికి పోతుంది. కాబట్టి ఆయన వాచ్‌మన్. కానీ ఆయన్ని అడిగి చూడండి, రైతునంటాడు. కాగితం మీద ఉన్న గీత అలాంటి లక్షల మనుషుల మధ్యలోంచి పోతోందని మరిచిపోకుండా లెక్క వేయాలి.

ఇక రెండో జత. 2001 నుంచి 2011 వరకు బెంగళూరు అర్బన్ జిల్లా జనాభా 65 లక్షల నుంచి 96 లక్షలకు పెరిగింది, అంటే 47 శాతం. అదే పదేళ్లలో అనంతపురం జిల్లా 12 శాతం పెరిగింది. దేశం పెరుగుదల 17.7. "చూశారా, అనంతపురం జనమంతా బెంగళూరు వచ్చేశారు" అని రాసేయాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెరుగుదలే 11 శాతం. రాష్ట్రంతో పోలిస్తే అనంతపురం కాస్త ఎక్కువే పెరిగింది! ఆంధ్రప్రదేశ్‌లో కాన్పులు తగ్గడం వల్ల దేశం సగటుతో పోలిస్తే అక్కడి దాదాపు అన్ని జిల్లాలూ వలస జిల్లాల్లాగే కనిపిస్తాయి. వలస వెళ్లలేదని కాదు, ఈ అంకెతో అది రుజువు కాదు. బెంగళూరు విషయంలో మాత్రం అనుమానమే లేదు. కర్ణాటక 15.6 శాతం పెరిగితే బెంగళూరు 47. పిల్లలు పుట్టి పెరిగే వేగం కాదది, బస్సులు, రైళ్లు తెచ్చిన జనం.

ఎందుకు తెచ్చాయన్నది పెద్ద కథ. 1940లో విమానాల కర్మాగారం హెచ్ఏఎల్, 1948లో టెలిఫోన్ల కర్మాగారం ఐటీఐ, 1954లో ఎలక్ట్రానిక్స్ కర్మాగారం బీఈఎల్ బెంగళూరులో పెట్టడం దగ్గర మొదలుపెట్టాలి. దానికి విడిగా ఒక పాఠం ఉంది.

మూడో జత చిన్నదే కానీ చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. 2011 జనగణనలో వలస వచ్చినవాళ్లు సుమారు 45 కోట్లు. వింటే గుండె గుభేలుమంటుంది. అందులో మూడింట రెండు వంతులు ఆడవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం పెళ్లి. పక్క ఊరి అత్తారింటికి వెళ్లిన పిల్ల కూడా జనగణనకు వలసే. కాబట్టి ఎక్కడైనా వలస అంకె కనబడితే దాని పక్కన "ఎందుకు వచ్చారు" అన్న గడి చూడనిదే ముందుకు పోవద్దు.

ఈ వారం అభ్యాసం. కాగితం మీద నాలుగు గడులు గీయండి. మీకు రోజూ ఎదురయ్యే పది మందిని ఎంచుకోండి. పీజీలో వంటామె, టీ కొట్టు ఆయన, క్యాబ్ డ్రైవర్, ఆఫీసులో పక్క సీటు, ఎవరైనా సరే. మొదటి గడిలో ఊరు, జిల్లా. రెండో దాంట్లో అక్కడ ఇంట్లోవాళ్లు చేసే పని. మూడో దాంట్లో ఇక్కడ చేసే పని. నాలుగో దాంట్లో కిందటిసారి ఊరికి ఏ నెలలో వెళ్లారో. "ఎందుకొచ్చారు?" అని మాత్రం అడగొద్దు, అది ఎదుటివాళ్లకు గుచ్చుకునే ప్రశ్న. "ఈమధ్య ఊరెళ్లారా?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. పేర్లు రాయొద్దు.

పది వరసలూ నిండాక నాలుగో గడిని నెలల వారీగా పేర్చండి. జూన్, జూలై దగ్గర ఎంతమంది ఉన్నారో, సంక్రాంతి దగ్గర ఎంతమంది ఉన్నారో విడిగా లెక్కపెట్టి, ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసి ఉంచండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.