పాత ఆల్ జపాన్ రెజ్లింగ్ షో చూడబోయేవాళ్లకి

"రెజ్లింగ్ చరిత్రలో ఇంతకు మించిన మ్యాచ్ లేదు, చూడు" అని ఎవరైనా మీకు లింకు పంపారంటే, అది చాలావరకు 1994 జూన్ 3న టోక్యోలోని నిప్పన్ బుడోకాన్‌లో మిత్సుహారు మిసావా, తోషియాకి కవాడా తలపడ్డ మ్యాచే అయి ఉంటుంది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. చూడాల్సిందే, కానీ దానితో మొదలుపెట్టకండి. అమెరికన్ రెజ్లింగ్ చూస్తూ పెరిగిన నా టెక్సాస్ స్నేహితులు చాలామంది నేరుగా అందులోకే దిగి, పది నిమిషాలకే ఆపేశారు. మైకు పట్టుకుని సవాళ్లు విసిరేవాళ్లు లేరు, ఎవడు విలనో చెప్పేవాళ్లు లేరు. ఇద్దరు మనుషులు మొహంలో ఏ భావమూ లేకుండా అరగంటకు పైగా కొట్టుకుంటారు. జనం కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, కాసేపు హాలు దద్దరిల్లేలా అరుస్తారు. ఎందుకో అర్థం కాదు. భారతం ఏమాత్రం తెలియనివాళ్లకి కర్ణుడి రథచక్రం కుంగే ఘట్టం ఒక్కటే చూపిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

నేను ఉండేది టెక్సాస్‌లోని అమరిల్లోలో, చేసేది ఫిజియోథెరపీ. చిన్నప్పుడు వరంగల్‌లో తమ్ముడితో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఆడటమే నాకు తెలిసిన రెజ్లింగ్. జపాన్ రెజ్లింగ్ పిచ్చి పట్టింది ఈ ఊరికి వచ్చాకే. దానికి కారణం ఉంది. ఇది రెజ్లింగ్‌లో పేరున్న ఫంక్ కుటుంబం ఊరు. 1972లో రెజ్లర్ జెయింట్ బాబా ఆల్ జపాన్ అనే రెజ్లింగ్ కంపెనీ పెట్టినప్పుడు, మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పోటీపడి వచ్చిన కుర్రాడు జంబో త్సురుటాని శిక్షణకి పంపింది ఇక్కడికే. సుమో వదిలి వచ్చిన గెన్‌ఇచిరో తెన్‌ర్యూ కూడా ఇక్కడే నేర్చుకున్నాడు. జపాన్ జనం నెత్తిన పెట్టుకున్న స్టాన్ హాన్సెన్ చదివింది పక్కనే ఉన్న కాన్యన్ ఊళ్లోని యూనివర్సిటీలో. మోకాలి ఆపరేషన్ చేయించుకుని నా దగ్గరికి వచ్చే పెద్దాయనలు ఫంక్ సోదరుల మాటెత్తితే నొప్పి మర్చిపోయి చెబుతూ పోతారు. కాబట్టి అమెరికన్ అభిమానులకి ఇదేదో అన్యదేశపు వింత అనిపించనక్కర్లేదు. ఇందులో సగం వేర్లు ఈ నేలలోనే ఉన్నాయి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? 1990 వసంతంలో. తెన్‌ర్యూ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు, త్సురుటాకి ఎదురు నిలబడే మనిషి లేడు. మిసావా అప్పటికి టైగర్ మాస్క్ వేషంలో ఉన్నాడు, ముఖం ఎవరికీ కనిపించదు. మే 14న ఒక ట్యాగ్ మ్యాచ్ (ఇద్దరిద్దరు జట్లుగా తలపడేది) మధ్యలో తన జోడీ కవాడా వైపు తిరిగి ముసుగు వెనకున్న లేసులు విప్పమన్నాడు. ఆ చిన్న ముక్క ముందు చూడండి. కవాడా వేళ్లు ఆ ముళ్లతో తంటాలు పడటం, ముసుగు ఊడగానే హాలంతా లేవటం. లేసులు విప్పినవాడు ఎవరన్నది గుర్తుపెట్టుకోండి. ఇద్దరూ ఒకే హైస్కూల్లో కుస్తీ నేర్చుకున్నవాళ్లు, మిసావా ఒక ఏడాది సీనియర్. జపాన్‌లో ఆ ఒక్క ఏడాది తేడా జీవితాంతం పోదు. తర్వాత ఎనిమిదేళ్ల కథకి ఇరుసు అదే.

తర్వాత 1990 జూన్ 8, బుడోకాన్, మిసావా–త్సురుటా. దీనికి ఏ ముందుమాటా అక్కర్లేదు. చిన్నవాడు పెద్దవాణ్ణి ఓడించగలడా, అంతే. రెండుసార్లు చూడండి. మొదటిసారి మిసావాని చూడండి, రెండోసారి త్సురుటా ముఖం చూడండి. మొదట్లో ఆ పెద్దాయన ముఖంలో ఉన్న ధీమా కొంచెం కొంచెంగా చిరాకు, చిరాకు కాస్తా కోపం అవుతుంది. అమెరికన్ షోల్లో మైకు చెప్పే మాటలన్నీ ఇక్కడ ఆ ముఖం చెబుతుంది.

దాని వెనకే అదే ఏడాది అక్టోబర్ 19న జరిగిన ఆరుగురి మ్యాచ్ పెట్టుకోండి. మిసావా, కవాడా, కెంటా కోబాషి ఒకవైపు, త్సురుటా, మసనోబు ఫుచి, అకిరా తావుయే ఇంకోవైపు. ఎవరికి ఎవరి మీద కసి ఉందో ఇందులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. ఫుచిని వదలకండి. చిన్న మనిషి, కొట్టే దెబ్బలో దయ లేదు, కుర్రవాళ్ల కాళ్లూ చేతులూ మెలిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్నాడు. ఆ తర్వాత 1992 ఆగస్టు 22న మిసావా హాన్సెన్‌ని ఓడించి ఆల్ జపాన్‌లో అన్నిటికన్నా పెద్ద టైటిల్ ట్రిపుల్ క్రౌన్ గెలవటం, 1993లో కవాడా మిసావాని వదిలి తావుయేతో జట్టు కట్టడం, ఆ జూలై 29న ఇద్దరూ టైటిల్ కోసం తలపడటం. ఇవి అయ్యాకే 1994 జూన్ 3.

జపనీస్ రాదని వెనక్కి తగ్గకండి. తెర మీద పడే పేర్లు గుర్తుపట్టడానికి లిపి నేర్చుకోవాల్సిన పని లేదు, ఆకారం చూస్తే చాలు. మిసావా పేరులో మొదటి అక్షరం ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలు. కవాడా పేరులో మొదటిది మూడు నిలువుగీతలు, రెండోది నాలుగు గళ్లుగా చీల్చిన చతురస్రం. ఆ గళ్ల చతురస్రమే ముందు వస్తే తావుయే. చిన్న నిలువుగీతకి అటూ ఇటూ చెరో చుక్క ఉంటే కోబాషి. రంగులు ఇంకా తేలిక: మిసావా ఆకుపచ్చ, కవాడా నలుపు-పసుపు, కోబాషి నారింజ, తావుయే ఎరుపు. హాన్సెన్‌కి గుర్తు అక్కర్లేదు. నెత్తిన కౌబాయ్ టోపీ, చేతిలో తాడు గిరగిరా తిప్పుకుంటూ జనం మీదికి దూసుకొచ్చేవాడు ఆయనే, ముందు వరుసలవాళ్లు కుర్చీలు వదిలి పరిగెత్తుతారు.

మ్యాచ్ నడుస్తుండగా రింగ్ అనౌన్సర్ మధ్యమధ్యలో గడిచిన సమయం చెబుతాడు. "జుప్పున్ కెయికా" అంటే పది నిమిషాలు అయ్యాయని. ఆ కేక విన్నప్పుడల్లా ఇద్దరి ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో ఒకసారి చూసుకోండి. టైటిల్ మ్యాచ్‌కి గడువు 60 నిమిషాలు, ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఆ సమయం కేకలు మీకు ఇంకో మేలు కూడా చేస్తాయి. ఆల్ జపాన్ షో నిప్పన్ టీవీలో అర్ధరాత్రి వేళల్లో వచ్చేది, చోటు చాలక చాలా మ్యాచ్‌లు ముందు భాగం కోసేసి ప్రసారం చేశారు. ఇప్పటికీ చేతులు మారుతున్న వీడియోల్లో సగం ఆ కోత పడ్డవే. మ్యాచ్ చివర్లో తెర మీద ఫలితం కింద నిమిషాలు, సెకన్లు మామూలు అంకెల్లోనే పడతాయి. దాన్ని మీ వీడియో నిడివితో పోల్చండి. తెర మీద 25 నిమిషాలని ఉండి మీ దగ్గరున్నది 12 అయితే ఆ వీడియో మీద ఏ అభిప్రాయానికీ రావద్దు, నిండు ప్రతి వెతకండి. కోతపడ్డ మ్యాచ్ చూసి "అంతా ఒకటే పరుగు, మధ్యలో ఊపిరి పీల్చుకునే తావు లేదు" అని తీర్పు చెప్పేవాళ్లని చాలామందిని చూశాను.

జపాన్ నుంచి డిస్కులు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. జపాన్ డీవీడీ రీజియన్ 2, అమెరికాది 1, మన ఇండియాది 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే డబ్బు దండగ. బ్లూరే అయితే జపాన్, అమెరికా ఒకటే రీజియన్, ఇండియా వేరు.

ఒక్క మెయిన్ ఈవెంటే, అంటే ఆఖరున వచ్చే పెద్ద మ్యాచే చూస్తానని కూర్చోకండి. షో మొత్తం దొరికితే మొత్తం చూడండి. మధ్యలో ముసలివాళ్ల మ్యాచ్ వస్తుంది. అమెరికన్ స్నేహితులు రిమోట్ నొక్కేది సరిగ్గా ఇక్కడే, నేను చెయ్యి పట్టుకుని ఆపేది కూడా ఇక్కడే. 209 సెంటీమీటర్ల బాబా, అంటే కంపెనీ యజమాని, ఎముకల గూడులా అయిపోయిన ఒంటితో నెమ్మదిగా రింగ్‌లోకి వస్తాడు. ఆయన పక్కన రషర్ కిమురా, అవతల హరుకా ఎయిగెన్, ఫుచి. ఎయిగెన్‌ని తాళ్లకి ఆనించి ఛాతీ మీద చరిస్తే ఆయన నోట్లోంచి ఉమ్మి తుంపర్లు ముందు వరుస మీదికి ఎగురుతాయి. అది రాబోతోందని జనానికి ముందే తెలుసు, పేపర్లు అడ్డం పెట్టుకుని ఎదురుచూస్తుంటారు. మ్యాచ్ అయ్యాక కిమురా మైకు తీసుకుని బాబాని అన్నగా పిలుస్తూ ఏదో అంటాడు, బుడోకాన్ అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది. మాట అర్థం కాకపోయినా ఆ నవ్వు వినండి. అరగంట తర్వాత అదే జనం మెయిన్ ఈవెంట్‌లో బిగుసుకుపోయి కూర్చుంటారు. ముందు అంత నవ్వారు కాబట్టే ఆ బిగువు అంత బలంగా తగులుతుంది. బాబా కార్డు, అంటే షోలో మ్యాచ్‌ల వరుస, పేర్చే తీరులోని పనితనం ఇదే, మెయిన్ ఈవెంట్ ఒక్కదాన్నే చూసేవాళ్లకి ఇది ఎప్పటికీ దొరకదు.

మెయిన్ ఈవెంట్ ముందు పేర్లు పిలిచేటప్పుడు కాగితపు రిబ్బన్లు వానలా పడతాయి, కుర్ర రెజ్లర్లు పరుగున వచ్చి ఊడ్చుకుపోతారు. రెఫరీ పేరు చదివినప్పుడు జనం ఒక్క గొంతుతో "క్యోహెయి!" అంటారు. ఆయన క్యోహెయి వాడా. ఇంత ప్రేమ సంపాదించిన రెఫరీని నేనెక్కడా చూడలేదు.

మ్యాచ్ మొదలయ్యాక ఏం చూడాలో నా వృత్తి నుంచి చెబుతాను. దెబ్బ కొట్టేవాణ్ణి వదిలేసి, దెబ్బ తిన్నవాడి ఒళ్లు చూడండి. కవాడాకి గట్టి మోచేతి దెబ్బ తగిలితే వెంటనే పడడు. ఒకటి రెండు అడుగులు మామూలుగానే వేస్తాడు, ఆ తర్వాత మోకాలు పట్టు తప్పుతుంది, చేతులు తాళ్ల కోసం గాల్లో తడుముకుంటాయి, అప్పుడు కూలతాడు. తలకి దెబ్బ తగిలినవాళ్లు తూలే తీరు నాకు తెలుసు. దాన్ని ఇంత దగ్గరగా పట్టుకున్న మనిషి ఇంకొకడు లేడు. 1993 డిసెంబర్ 3 నాటి ట్యాగ్ ఫైనల్లో మిసావా, కోబాషి అతని దెబ్బతిన్న మోకాలి మీదే పడతారు. ఆ కాలు మీద బరువు వెయ్యాలా వద్దా అని అతను తేల్చుకునే క్షణాలు కళ్లకి కడతాయి. ఇంకోటి, కింద పడి ఉన్న మిసావా ముఖాన్ని కవాడా కాలితో చిన్నగా, నిర్లక్ష్యంగా తన్నటం. నొప్పి పుట్టే తన్ను కాదది, అవమానం. స్కూల్లో సీనియర్ అయినవాడికి. మిసావా తల ఎత్తి చూసే చూపులో కోపం కనిపించీ కనిపించకుండా ఉంటుంది, జనం మాత్రం గుప్పున అరుస్తారు.

వాళ్లు ఏ దెబ్బతో ఎప్పుడు గెలిచారో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. నిరుడు మ్యాచ్‌ని ముగించిన దెబ్బకి ఈ ఏడాది ప్రత్యర్థి రెఫరీ మూడు లెక్కపెట్టేలోపే, రెండుకే లేస్తాడు. కాబట్టి ఈసారి ఇంకా పెద్దది కావాలి. 1994 జూన్ 3 ముగింపు అర్థమయ్యేది ఈ లెక్కతోనే. మిసావా మామూలు టైగర్ డ్రైవర్‌లో ప్రత్యర్థి రెండు చేతులూ వెనక్కి బిగించి ఎత్తి, తిప్పి వీపు మీద పడేస్తాడు. ఆ రోజు దానితో పని కాలేదు. 35 నిమిషాలు దాటాక, చేతులు అలాగే బిగించి, తిప్పకుండా నేరుగా మెడ మీదికి దించాడు. దాన్ని టైగర్ డ్రైవర్ 91 అంటారు. కాచుకోవడానికి కవాడాకి చేతులు లేవు.

దీన్ని కేరింతలతో చూడటం నా వల్ల కాదు, మీకూ చెబుతున్నాను. మెడ ముందుకు వంగి ఉండగా పై నుంచి ఒంటి బరువంతా పడితే వెన్నుపూసలకి తప్పించుకునే దారి ఉండదు. 2009 జూన్ 13న హిరోషిమాలో ఒక ట్యాగ్ మ్యాచ్‌లో బ్యాక్‌డ్రాప్ (వెనక నుంచి పట్టి ఎత్తి వెనక్కి పడేసే దెబ్బ) తిన్న మిసావా లేవలేదు. అప్పటికి ఆయన వయసు 46. ఏళ్ల తరబడి మెడ మీద పేరుకున్న దెబ్బలు ఆయన్ని ఎప్పుడూ వదల్లేదు. ఈ మ్యాచ్‌ల గొప్పతనం నిజం, వాటికి వాళ్లు కట్టిన ధర కూడా అంతే నిజం. తలకిందులుగా పడే దెబ్బలన్నీ ఏరి కూర్చిన ముక్కల వీడియోలు అస్సలు చూడకండి. చుట్టూ ఉన్న అరగంట తీసేస్తే అందులో మిగిలేది మెడలు విరుచుకోవటం మాత్రమే. విమర్శకులు ఇచ్చిన చుక్కల లెక్క (స్టార్ రేటింగ్) కూడా మ్యాచ్ అయ్యాకే చూడండి, ముందే చూస్తే ఆ ఐదో చుక్క ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఇవన్నీ అయ్యాక 1995 జూన్ 9 నాటి ట్యాగ్ మ్యాచ్ మిగులుతుంది. మిసావా, కోబాషి ఒక జట్టు, కవాడా, తావుయే ఇంకో జట్టు. 40 నిమిషాలు దాటుతుంది. సాయంత్రం పని ఏదీ పెట్టుకోకండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. కోబాషి కాలికి కట్టు చూడండి, అది ఎందుకుందో మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. చివర్లో కవాడా మొట్టమొదటిసారిగా మిసావా భుజాలు మూడు లెక్క దాకా నేలకి అదిమి ఉంచుతాడు. ఒంటరి పోరులో మిసావాని ఓడించి ట్రిపుల్ క్రౌన్ గెలవడానికి అతనికి 1998 మే 1 దాకా, టోక్యో డోమ్ దాకా పట్టింది. ఆ మ్యాచ్ మాత్రం వెంటనే చూడకండి. మధ్యలో కనీసం ఇంకో నాలుగైదు మిసావా–కవాడా మ్యాచ్‌లు చూసి, కవాడా ఓడిపోవటం మీక్కూడా అలవాటయ్యాక పెట్టుకోండి.