మందు మానేశాక ఆ సాయంత్రాలు ఎలా గడపాలి?

మందు మానేసిన కొత్తలో పగలు ఎలాగోలా గడిచిపోతుంది. ఏడు దాటాకే కష్టం. సిట్టింగ్ ఎక్కడో చెప్పే ఫోన్ ఇక రాదు, వచ్చినా ఎత్తలేం, ఇంట్లో కూర్చుంటే గోడలు తప్ప ఏమీ కనబడవు. (రోజూ బాగా తాగేవాళ్లయితే డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపేయకండి. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, అది ప్రాణాల మీదకి తెస్తుంది.)

"సాయంత్రం ఏదో ఒకటి చేద్దాంలే" అనుకుంటే ఏమీ చేయరు. ఆ గంటకి ఏం చేస్తారో పొద్దున్నే తేల్చుకోండి, అదీ మీకోసం ఇంకొకరు ఎదురుచూసే పనైతే మేలు. ఒక్కరే వాకింగ్‌కి వెళ్లడం ఎగ్గొట్టొచ్చు గానీ, షటిల్ కోర్టులో పార్ట్‌నర్ నిలబడి ఉంటే వెళ్లక తప్పదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్. చాలామంది తాగేశాక ఫోన్ చేసి ఏడుస్తారు, చేయాల్సింది తాగకముందు. నమ్మకమైన మనిషిని ఒకరిని చూసుకుని "ఎప్పుడైనా చేస్తాను, సలహాలేం వద్దు, కాసేపు మాట్లాడు చాలు" అని ముందే చెప్పి పెట్టుకోండి. తాగాలనే తహతహ ఎంత గట్టిగా వచ్చినా మామూలుగా అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది, ఆ కాస్త సేపు లైన్లో ఎవరైనా ఉంటే గట్టెక్కినట్టే. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే ఆయన, వ్యాపారం పని చెడిపోయి, హోటల్ బార్ పక్కనే నిలబడి, లోపలికి వెళ్లకుండా చర్చిల జాబితా చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆయన వెతికింది తనలాంటి ఇంకో తాగుబోతు కోసం. అలా దొరికిన డాక్టర్ బాబ్‌తో కలిసి మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే మందు మానాలనుకునేవాళ్లు కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం. ఆ మీటింగులకి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు, మొదటిరోజు నోరు తెరవకుండా వెనక కూర్చున్నా ఎవరూ ఏమనరు. ఆన్‌లైన్లో కూడా జరుగుతాయి. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి, ఒక్కదానితోనే తీర్పు ఇచ్చేయకండి.

పాత బ్యాచ్ సంగతి. అందరినీ బ్లాక్ చేయనక్కర్లేదు. "పగటిపూట కలుద్దాం, నేను మానేశాను" అని చెప్పి చూడండి, వచ్చేవాళ్లు వస్తారు. రానివాళ్లతో గొడవెందుకు, వదిలేయండి. "ఒక్క పెగ్గుకేం కాదు" అనేవాడి దగ్గరికి మాత్రం కొన్నాళ్లు వెళ్లొద్దు.

ఒంటరిగా అనిపించగానే ముందు తిన్నారా, నిద్రపోయారా చూసుకోండి. ఆకలి, అలసట కూడా అచ్చం ఒంటరితనంలాగే అనిపిస్తాయి, కడుపు నిండాక సగం బెంగ పోవడం మామూలే.

కొత్తలో సినిమా, కబుర్లు, ఏదైనా చప్పగానే ఉంటుంది. మెదడు ఇన్నాళ్లూ మందుకి అలవాటు పడింది, సర్దుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కాబట్టి "తాగనివాళ్లంతా బోరు" అని అప్పుడే తేల్చేయకండి. వారాలు గడిచినా దిగులు తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, పక్కన ఎవరుంటే వాళ్లకి చెప్పి అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లండి.