రీబటన్ రబ్బరులో సిలికా పట్టు దొరకాలంటే

రీబటన్ అంటే అరిగిన టైరు మీద కొత్త ట్రెడ్ (రోడ్డును తాకే పై పొర) వేసే పని. ఆ ట్రెడ్ రబ్బరు చీరుకుపోకుండా ఉండాలన్నా, డీజిల్ కలిసిరావాలన్నా అందులో సిలికా వేసి చూడొచ్చు, అది రబ్బరును గట్టిగా పట్టుకునేలా ఎలా కలపాలో చెప్తాను. సిలికా అంటే నెల్లూరోళ్లకి ముందు గుర్తొచ్చేది చిల్లకూరు, కోట వైపు తవ్వే తెల్ల ఇసుక. అది గాజు ఫ్యాక్టరీల సరుకు. రబ్బరులో వేస్తే మిల్లు రోలర్లు అరగడం తప్ప ఒరిగేదేమీ లేదు, పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. టైర్లలో వాడేది ప్రెసిపిటేటెడ్ సిలికా, అంటే సోడియం సిలికేట్‌ను సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో విరగ్గొట్టి తీసే తేలికపాటి పొడి. టైరు గ్రేడు సరుకైతే ఒక్క గ్రాములోనే 160 నుంచి 180 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. కొనేటప్పుడు ఈ అంకె అడగండి.

ఇక అసలు చిక్కు. టైర్లలో మామూలుగా వేసే నల్ల మసి పొడి, కార్బన్ బ్లాక్, రబ్బరుతో తనంతట తానే కలిసిపోతుంది, బతిమాలక్కర్లేదు. సిలికా అలా కాదు, దాని ఒంటినిండా సైలనాల్ గ్రూపులు (సిలికాన్‌కు అతుక్కున్న ఓహెచ్ జంటలు) ఉంటాయి, వాటికి నీళ్లంటే ఇష్టం, రబ్బరంటే గిట్టదు, అందుకే రబ్బరును వదిలేసి తమలో తామే ముద్దకట్టుకుంటాయి. సిలికాకీ రబ్బరుకీ మధ్య పెళ్లిళ్ల పేరయ్య లాంటిది సైలేన్ అనే రసాయనం. ఎక్కువగా వాడేది టీఈఎస్‌పీటీ, మార్కెట్లో ఎస్ఐ-69 అంటే తెలుస్తుంది. దీని రెండు చివర్లా ఉండే ఇథాక్సీ గ్రూపులు సిలికాను పట్టుకుంటాయి, ఆ క్రమంలో ఇథనాల్ బయటికొస్తుంది. మధ్యలో ఉన్న సల్ఫర్ గొలుసు తర్వాత క్యూరింగ్‌లో (రబ్బరును వేడితో ఉడికించి గట్టిపరిచే దశలో) విడిపోయి రబ్బరుకు అతుక్కుంటుంది. మొదటి పని మిక్సింగ్‌లోనే అయిపోవాలి, రెండోది క్యూరింగ్ దాకా ఆగాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. సైలేన్ డబ్బా కొని పోసేస్తే చాలనుకుంటారు, అది రియాక్ట్ అయ్యే వేడి, టైము ఇవ్వరు.

కాబట్టి ముందే చెప్తున్నా, మీ దగ్గర మిక్సింగ్ మిల్లు ఒక్కటే ఉంటే ఈ పని పెట్టుకోవద్దు. ఓపెన్ రోలర్ల మీద 140 డిగ్రీలు నిలబెట్టలేరు. రియాక్ట్ కాని సైలేన్ అలాగే మిగిలి, క్యూరింగ్‌లో ఇథనాల్ వదిలి, ట్రెడ్‌లో బుడగలు తెస్తుంది. నీడర్ (మూత వేసి, లోపల రోటర్లతో కలిపే మెషిన్) ఉన్నవాళ్లే ముందుకు రండి, లేనివాళ్లు కార్బన్ బ్లాక్ ఒక్కటే వేసిన కాంపౌండ్‌తో హాయిగా ఉండండి.

లారీ ట్రెడ్‌కు ఒక మొదలు చెప్తాను, మీ మెషిన్‌ను బట్టి సర్దుకోండి. 100 కిలోల నేచురల్ రబ్బరుకు ఎన్220 గ్రేడు కార్బన్ బ్లాక్ 35 కిలోలు, సిలికా 20 కిలోలు. సైలేన్ సిలికా బరువులో 8 శాతం చొప్పున 1.6 కిలోలు. బ్లాక్‌తో సగానికి సగం కలిపి గుళికల్లా అమ్మే రకమైతే 3.2 కిలోలు వేయాలి, ఈ లెక్క మర్చిపోతే సగం డోసే పడుతుంది. ఆయిల్ 5, జింక్ ఆక్సైడ్ 4, స్టియరిక్ యాసిడ్ 2, 6పీపీడీ (రబ్బరు ముదరకుండా కాపాడేది) 2, చివర్లో సల్ఫర్ 1.5, ఇక యాక్సిలరేటర్లు, అంటే క్యూరింగ్‌ను త్వరపరిచేవి, సీబీఎస్ 1.2, డీపీజీ అర కిలో. డీపీజీ ఎందుకంటే సిలికా యాక్సిలరేటర్‌ను కొంత తన మీదికి లాగేసుకుంటుంది, అది లేకపోతే క్యూర్ ఈడుస్తుంది.

మొదటి దశలో రబ్బరును ఒక నిమిషం నలిపి, సిలికా, సైలేన్, సగం బ్లాక్ వేయండి, తర్వాత మిగతా బ్లాక్, ఆయిల్, స్టియరిక్ యాసిడ్. జింక్ ఆక్సైడ్ ఇప్పుడే వేయొద్దు, సిలికా మీద చోటు కోసం సైలేన్‌తో పోటీ పడుతుంది. వేడి 140 దాటగానే రోటర్ స్పీడు తగ్గించి 140 నుంచి 150 మధ్య మూడు నిమిషాల దాకా పట్టి ఉంచండి. మొత్తం కిటుకు ఈ మూడు నిమిషాల్లోనే ఉంది. "ఏంది సామీ, కలిసిపోయింది గదా, దించేద్దాం" అని మిస్త్రీ తొందరపెడతాడు, కంటికి కలిసినట్టే ఉంటుంది కూడా, అయినా వినొద్దు. అలాగని 160కి పోనివ్వొద్దు, సైలేన్‌లోని సల్ఫర్ అక్కడే ఊడి, నీడర్‌లోనే రబ్బరు ఉడికి పలుకులు కడుతుంది. మీటరు చూపించే వేడిని నమ్మకుండా, దించిన ముద్దలోకి సూది థర్మామీటరు గుచ్చి చూడండి, రెంటికీ తేడా చాలాసార్లు బాగానే ఉంటుంది.

మూత తీసినప్పుడు స్పిరిట్ వాసన గుప్పున కొడితే పని జరుగుతున్నట్టే. కానీ అది అంటుకునే ఆవిరి. కిలో సైలేన్ పూర్తిగా రియాక్ట్ అయితే సుమారు అర కిలో ఇథనాల్ వస్తుంది. పైన ఎగ్జాస్ట్ లేకుండా, పక్కన బీడీ కాల్చే మనిషిని పెట్టుకుని ఈ పని చేయొద్దు.

షీటు తీసి చల్లార్చి రాత్రంతా వదిలేయండి. మర్నాడు జింక్ ఆక్సైడ్, 6పీపీడీ కలిపి, సల్ఫర్, యాక్సిలరేటర్లు మాత్రం 100 డిగ్రీల లోపే మిల్లు మీద వేయండి. రోహిణి కార్తె ఎండల్లో ట్యాంకు నీళ్లే వేడెక్కి ఉంటాయి, రోలర్లు చల్లబడవు, కాబట్టి ఆ రోజుల్లో ఫైనల్ మిక్సింగ్ తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలంలో తేమతో తంటా. సిలికాలో మామూలుగానే 5 నుంచి 7 శాతం తేమ ఉంటుంది, కొంచెం తేమ సైలేన్ పనికి అవసరం కూడా, ఎక్కువైతే మాత్రం బుడగలు. విప్పిన బస్తా మిగలకుండా చూసుకోండి, సైలేన్ డ్రమ్ము మూత బిగించండి.

సైలేన్ లేకుండా రబ్బరునే మార్చే దారి కూడా ఉంది, ఎపాక్సిడైజ్డ్ నేచురల్ రబ్బరు (ఈఎన్ఆర్), అంటే రబ్బరు గొలుసుకు ఆక్సిజన్ చేర్చిన రకం. రబ్బరు పాలల్లో (లాటెక్స్) ఫార్మిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి చేస్తారు, షెడ్డులో ప్రయత్నించే పని కాదు, ప్రమాదం. ఈఎన్ఆర్-25, ఈఎన్ఆర్-50 అని తయారుగా దొరుకుతుంది, సిలికాతో నేరుగా పట్టుకుంటుంది. వాడితే కాల్షియం స్టియరేట్ లాంటి క్షారం కొద్దిగా కలపాలి, లేదంటే త్వరగా ముదిరిపోతుంది. ఖరీదు చూస్తే రీబటన్‌కు దండగ అని నా అభిప్రాయం.

పట్టు దొరికిందో లేదో తెలియాలంటే శాంపిల్‌ను చెన్నై ల్యాబుకి పంపి, 300 శాతం మాడ్యులస్‌ను (రబ్బరును అంత మేర సాగదీయడానికి పట్టే బలం) 100 శాతం మాడ్యులస్‌తో భాగించి చూడండి. సైలేన్ లేకుండా అదే రెసిపీతో చేసిన ముక్క కూడా పంపాలి, పక్కన అది లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. పని జరిగితే ఈ నిష్పత్తి స్పష్టంగా పెరుగుతుంది.

చీమకుర్తి గ్రానైట్ లారీలకైతే సిలికా 20 దాటించొద్దు, అక్కడ కావాల్సింది రాళ్లకు చీరుకుపోకపోవడం, దానికి ఇది చాలు. కృష్ణపట్నం పోర్టు నుంచి హైవే మీదే తిరిగే బండ్లకు పెంచి చూడొచ్చు, డీజిల్ కలిసొస్తుంది. ట్రయల్ మాత్రం వెనక ఒకే యాక్సిల్‌కు ఒక పక్క కొత్త కాంపౌండ్ జత, రెండో పక్క పాత జత వేసి, సగం అరిగాక పక్కలు మార్చి గేజితో లోతు కొలవండి. రోడ్డు వాలుకు ఒక పక్క ఎలాగూ ఎక్కువ అరుగుతుంది.